చర్మం, జుట్టు, గోళ్లు: మన రోగిని తల నుంచి కాలిదాకా ఎలా పరీక్షించాలి

నర్సింగ్ పుస్తకంలో చర్మ పరీక్ష పాఠం తెరిస్తే బొమ్మలు దాదాపు అన్నీ తెల్లవాళ్లవే. ఎర్రబడటం, పాలిపోవడం, నీలంగా మారడం అన్నీ ఆ ఒంటి మీద ఇట్టే తెలిసిపోతాయి. మన వార్డులో మంచం మీద ఉండేవాళ్లు చామనఛాయ వాళ్లు, నల్లటి వాళ్లు, ఏళ్ల తరబడి పొలంలో ఎండకు మాడినవాళ్లు. పుస్తకంలోని బొమ్మను మనసులో పెట్టుకుని వాళ్లను చూస్తే, బెడ్ సోర్ (ఒకేచోట ఒత్తిడి పడి వచ్చే పుండు) మొదటి దశ దాటి పుండు పడేదాకా కంటపడదు. రంగు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఎక్కడ చూడాలో తెలియాలి, చేత్తో తాకాలి, ఆ మనిషి చర్మాన్ని ఆ మనిషి చర్మంతోనే పోల్చాలి. బీఎస్సీ నర్సింగ్, జీఎన్‌ఎం చదువుతున్నవాళ్లకు, కొత్తగా డ్యూటీలో చేరినవాళ్లకు పనికొచ్చేలా ఆ పద్ధతంతా ఇక్కడ చెబుతున్నాను. ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్లను చూసుకుంటున్నవాళ్లు కూడా ఇందులో చాలా భాగం చేయగలరు.

ముందు వెలుతురు, తర్వాత అనుమతి

పగటి వెలుతురును మించింది లేదు. మంచం కిటికీ పక్కన ఉంటే కర్టెన్ తీసేయండి. పసుపు రంగు బల్బు కింద కామెర్లు దాక్కుంటాయి. ట్యూబ్‌లైట్ కింద మామూలు మనిషి కూడా పాలిపోయినట్టు అనిపించవచ్చు. నైట్ డ్యూటీలో టార్చ్ వాడేటప్పుడు నేరుగా పైనుంచి కాకుండా పక్కనుంచి వాలుగా వేయండి. చర్మం మీద చిన్న బొడిపె ఉన్నా దాని నీడ పడి తెలుస్తుంది.

టార్చ్, సెంటీమీటర్ల టేపు, కొంచెం దూది, పెన్ను ఉంటే చాలు. భూతద్దం ఉంటే ఇంకా మంచిది. చేతులు కడుక్కుని, చల్లగా ఉంటే రుద్దుకుని వెచ్చచేసుకోండి. పుండు, చీము, రక్తం, చిట్లిన చర్మం, గజ్జి అనుమానం ఉన్నచోట గ్లవ్స్ తప్పనిసరి. మిగతా చోట్ల శుభ్రమైన వట్టి చేత్తోనే తాకండి. గ్లవ్స్ వేసుకుంటే వేడి, చల్లదనం, గరుకుదనం సరిగ్గా తెలియవు.

అనుమతి అడగడం మర్యాద కోసమే కాదు, పని సవ్యంగా జరగడానికి కూడా. "అమ్మా, మీ వీపు, కాళ్లు ఒకసారి చూడాలి. స్క్రీన్ వేస్తాను, ఎవరూ లోపలికి రారు" అని ముందే చెబితే ఒళ్లు బిగపట్టుకోరు. ఒక్కో భాగమే తెరవండి, చూడగానే కప్పండి. ఆడవాళ్లను మగ నర్సు చూడాల్సి వస్తే పక్కన ఒక ఆడ సిబ్బంది ఉండాలి.

ఒంటి మీద ఉన్నవాటి గురించి కూడా ఆలోచించాలి. మంగళసూత్రం తీయమని అడగక్కర్లేదు, పక్కకు జరిపి దాని కింద చూస్తే సరిపోతుంది. ఆపరేషన్ కోసం తీయక తప్పకపోతే ఇంట్లోవాళ్లకు కారణం చెప్పి, వాళ్ల చేతికే ఇచ్చి రాయించుకోండి. ఉంగరాలు, మెట్టెలు, గాజుల విషయంలో మాత్రం మొహమాటపడొద్దు. చేయో కాలో వాయడం మొదలవగానే తీయించేయాలి. ఆలస్యమైతే ఉంగరాన్ని కోయాల్సి వస్తుంది, ఆలోపు వేలికి రక్తం ఆగిపోయే ప్రమాదమూ ఉంది. ముఖానికి, పాదాలకు పసుపు రాసుకుని ఉంటే తడి దూదితో కొంతమేర తుడిచి చూడండి.

మొత్తం ఒళ్లు చూడటానికి అన్నింటికంటే అనువైన సమయం స్పాంజ్ బాత్. ఆ పనిని పూర్తిగా అటెండెంట్‌కు వదిలేయకండి. రోగి ఒంట్లో ప్రతి మడతా, ప్రతి మూలా కనిపించేది రోజు మొత్తంలో అప్పుడే.

అడగాల్సినవి అడగండి

ఎప్పటి నుంచి? ఎక్కడ మొదలైంది, ఎటు పాకింది? దురదా, నొప్పా, మంటా, మొద్దుబారడమా? దురద రాత్రిపూట ఎక్కువా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? కొత్తగా వేసుకుంటున్న మందులేమిటి? ఏ మందైనా పడక ఇంతకుముందు ఒంటి మీద ఏమైనా వచ్చిందా? సబ్బు, నూనె, జుట్టు రంగు మార్చారా? ఏం పని చేస్తారు, చేతులు నీళ్లలో, సిమెంటులో, పురుగుమందులో నానుతాయా?

ఇంకో ప్రశ్న ఉంది. దాన్ని తప్పు పడుతున్నట్టు కాకుండా అడగాలి: "దీనికి ఇప్పటిదాకా ఏం రాశారు?" పసరు, పసుపు, సున్నం, మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు, ఏదైనా కావచ్చు. తామర మీద స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాసుకోవడం మన దగ్గర పెద్ద బెడద. రాయగానే దురద తగ్గి హాయిగా ఉంటుంది. లోపల ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది, గుండ్రటి అంచు చెదిరిపోయి తామరను గుర్తుపట్టడమే కష్టమవుతుంది. ఆ ట్యూబును తెప్పించి చూడండి, పేరు కేస్ షీట్‌లో రాయండి.

రంగు ఎక్కడ చూడాలి

రక్తం తక్కువై పాలిపోవడం మన చర్మంలో ముఖం మీద తెలియదు. నల్లటి వాళ్లలో చర్మం బూడిద రంగుకు, చామనఛాయ వాళ్లలో పసుపు కలిసిన గోధుమ రంగుకు తిరుగుతుంది, నిగనిగ పోతుంది. రంగు పదార్థం తక్కువ ఉండే చోట్ల వెతకాలి: కింది కనురెప్ప లోపలి వైపు, నాలుక, చిగుళ్లు, పెదవి లోపలి భాగం, అరచేతి గీతలు, గోళ్ల అడుగు. కనురెప్పను బొటనవేలితో కిందికి లాగి రోగిని పైకి చూడమనండి. మీ అరచేతిని రోగి అరచేయి పక్కన పెట్టి పోల్చుకోవచ్చు, మీకే రక్తహీనత లేకపోతే.

కామెర్లకు కంటి తెల్లగుడ్డే చూడాలి, పగటి వెలుతురులోనే చూడాలి. రక్తంలో బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) డెసిలీటరుకు సుమారు 2.5 నుంచి 3 మి.గ్రా. దాటితే గానీ కంటికి కనిపించదు. మన వాళ్లలో చాలామందికి కంటి తెల్లగుడ్డు మూలల్లో మామూలుగానే మట్టి రంగు ఉంటుంది. దాన్ని కామెర్లు అనుకోకూడదు. రోగిని కిందికి చూడమని పై రెప్పను ఎత్తితే ఎండ తగలని తెల్లటి భాగం కనిపిస్తుంది. అక్కడా పసుపు ఉంటే అది కామెర్లే. నాలుక కింది భాగం కూడా చూడండి. క్యారెట్, బొప్పాయి బాగా తినేవాళ్లలో అరచేతులు పసుపెక్కవచ్చు, కళ్లు మాత్రం తెల్లగానే ఉంటాయి.

ఆక్సిజన్ తగ్గి నీలబడటానికి నాలుక, పెదవుల లోపలి భాగం చూడండి. అక్కడ నీలం కనిపిస్తే గుండె, ఊపిరితిత్తుల సమస్య అనుకోవాలి. వేళ్లు మాత్రమే నీలంగా, చల్లగా ఉండి నాలుక గులాబీ రంగులో ఉంటే చలి కావచ్చు, ఆ చేతికి రక్తప్రసరణ తగ్గి ఉండవచ్చు. ఒక సంగతి బాగా గుర్తుంచుకోండి. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ డెసిలీటరుకు దాదాపు 5 గ్రాములు ఉంటేనే నీలం రంగు బయటపడుతుంది. హిమోగ్లోబిన్ 6 ఉన్న గర్భిణికి ఊపిరి అందకపోయినా నీలబడదు. నీలం లేదు కాబట్టి బాగానే ఉందని అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

పల్స్ ఆక్సీమీటర్‌కు కూడా పరిమితులున్నాయి. ముదురు రంగు చర్మం మీద అది అసలు కంటే ఎక్కువ చూపించవచ్చని అమెరికాలో 2020లో వచ్చిన అధ్యయనం గట్టిగా చెప్పింది. అంకె 94 చూపిస్తున్నా మనిషి ఆయాసపడుతూ, మాట పూర్తి చేయలేకపోతుంటే మీరు నమ్మాల్సింది మనిషినే. నెయిల్ పాలిష్ ఉంటే తుడిచేయండి. నల్ల మెహందీ ఉన్న వేలికి బదులు వేరే వేలికో కాలి వేలికో పెట్టండి.

తాకితే తెలిసేవి

వేడి చూడటానికి అరచేయి వద్దు, చేతి వెనక భాగం వాడండి. రెండు కాళ్లనూ ఒకే ఎత్తులో, ఒకేసారి, మీ రెండు చేతులతో తాకండి. ఒక పిక్క వేడిగా, వాచి, నొప్పిగా ఉండి రెండోది మామూలుగా ఉంటే సిరలో రక్తం గడ్డకట్టిందేమో, చర్మం కింద ఇన్‌ఫెక్షనేమో అని డాక్టర్‌కు చెప్పాలి. ఒక పాదం చల్లగా ఉంటే నాడి అందుతోందో లేదో వెంటనే చూడండి.

నీరు తగ్గిందో లేదో చూడటానికి చర్మాన్ని గిల్లి వదులుతాం. ముసలివాళ్లలో చేతి వెనక చర్మం ఎలాగూ వదులుగా ఉంటుంది, అక్కడ చేసే పరీక్షకు విలువ లేదు. కాలర్ ఎముక కింద, లేదా రొమ్ము ఎముక మీద చేయండి. పిల్లల్లో బొడ్డు పక్కన పొట్ట మీద. గిల్లిన మడత 2 సెకన్ల కంటే ఎక్కువసేపు నిలబడి ఉంటే పిల్లవాడికి నీరు తీవ్రంగా తగ్గినట్టు. నాలుక తడి, మూత్రం ఎంత వస్తోంది, కళ్లు గుంటలు పడ్డాయా, ఇవన్నీ కలిపి చూడాలి.

గోరు మీద 5 సెకన్లు నొక్కి వదిలితే 2 సెకన్ల లోపు రంగు తిరిగి రావాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి, గది మరీ చల్లగా ఉండకూడదు.

వాపుకు బొటనవేలితో ఎముక మీదే నొక్కాలి: ముంగాలి ఎముక, చీలమండ లోపలి వైపు. 5 సెకన్లు నొక్కి తీసి, గుంట లోతు చూడండి. 2 మి.మీ. ఒక ప్లస్, 4 అయితే రెండు, 6 అయితే మూడు, 8 అయితే నాలుగు. మంచం మీదే పడుకునే రోగికి కాళ్లలో వాపు లేదని రాసే ముందు నడుము కింద చూడండి. నీరు కిందికే దిగుతుంది, పడుకున్న మనిషికి కింద ఉండేది నడుమే.

బెడ్ సోర్: పుండు పడకముందే పట్టుకోవాలి

ఈ పరీక్ష మొత్తంలో నర్సు చేతిలోనే ఉన్న భాగం ఇది. మందు రాసేది డాక్టరే అయినా, రోగిని తిప్పి వెనక చూసేది మనమే.

నెత్తి వెనక, చెవులు, భుజం పలకలు, మోచేతులు, నడుము కింద త్రికాస్థి, తుంటి, మోకాళ్ల లోపలి వైపు, చీలమండలు, మడమలు. ఎముక చర్మానికి దగ్గరగా ఉన్న ప్రతిచోటా చూడాలి. గొట్టాలను మర్చిపోవద్దు: ఆక్సిజన్ ట్యూబ్ చెవి వెనక, మాస్క్ ముక్కు మీద, రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం) ముక్కుపుటం దగ్గర, మూత్రపు కాథెటర్ తొడ కింద, పట్టీ కట్టిన చోట అంచుల్లో. చెవి వెనక పుండు పడిందని డిశ్చార్జ్ రోజున తెలిస్తే చాలా బాధగా ఉంటుంది. ట్యూబ్ ఎత్తి చూడటానికి అరనిమిషం పట్టదు.

పుస్తకం ప్రకారం మొదటి దశ అంటే చర్మం చిట్లకుండా ఎర్రగా ఉండటం, నొక్కితే తెల్లబడకపోవడం. మన చర్మం మీద ఆ ఎరుపూ కనబడదు, తెల్లబడటమూ కనబడదు. బదులుగా ఇలా చేయండి. అనుమానం ఉన్న చోటును, దాని పక్కన నాలుగు వేళ్ల దూరంలో ఉన్న మామూలు చర్మాన్ని మార్చి మార్చి తాకండి. ఈ చోటు ఎక్కువ వేడిగా ఉందా, లేక చల్లబడిందా? గట్టిపడిందా, లేక నీరు పట్టినట్టు మెత్తగా దిగుతోందా? చర్మం బిగుతుగా మెరుస్తోందా? రంగు పక్క చర్మం కంటే ముదురుగా, ఊదా వైపుగా ఉందా? రోగి అక్కడ ముట్టుకోనివ్వడం లేదా? వీటిలో ఏ రెండు కనిపించినా మొదటి దశగానే లెక్కవేసి ఒత్తిడి తీసేయండి. అరగంట తర్వాత మళ్లీ చూడండి. చర్మం మామూలుకు రాకపోతే రాసి, చెప్పండి. ముదురు ఊదా రంగుతో, మెత్తగా, నొప్పిగా ఉన్న చోటు ఇంకా ప్రమాదం. పైన చర్మం బాగానే కనిపిస్తూ లోపలి కండ చచ్చిపోతూ ఉండవచ్చు.

రెండో దశలో పైచర్మం ఊడి పచ్చిగా కనిపిస్తుంది, లేదా నీటి బుడగ ఉంటుంది. మూడో దశలో కొవ్వు కనిపిస్తుంది. నాలుగులో కండ, ఎముక. అడుగు కనిపించకుండా నల్లటి పెచ్చో పసుపు పొరో కప్పేస్తే దశ చెప్పలేమని రాయాలి, ఊహించి రాయకూడదు.

బెడ్ సోర్ వచ్చే ప్రమాదాన్ని అంచనా వేసే బ్రేడెన్ స్కేల్ మీ వార్డులో ఉంటే అడ్మిషన్ రోజునే నింపండి. స్పర్శ తెలియడం, తడి, కదలిక, నడక, తిండి, రాపిడి అనే ఆరు అంశాలకు మొత్తం 23 మార్కులు. 18, అంతకంటే తక్కువ వస్తే ప్రమాదం ఉన్నట్టు. సంఖ్య వేసి ఫైల్లో పెట్టేస్తే లాభం లేదు. తడికి మార్కు తగ్గితే తడి సంగతి చూడాలి, తిండికి తగ్గితే తిండి సంగతి.

రెండు పాత అలవాట్లు మానేద్దాం. ఎముక మీద రంగు మారిన చోట స్పిరిట్, పౌడర్ వేసి గట్టిగా రుద్దడం ఒకటి. అప్పటికే దెబ్బతిన్న లోపలి కండను అది ఇంకా నలిపేస్తుంది. మడమ కింద నీళ్లు నింపిన గ్లవ్స్ పెట్టడం రెండోది. ఒత్తిడి తగ్గదు. పిక్కల కింద పొడుగ్గా దిండు పెట్టి మడమ అసలు మంచానికే తగలకుండా చేయండి. రోగిని రెండు గంటలకోసారి తిప్పండి, ఎవరు తిప్పారో టైముతో సహా చార్టులో వేయండి.

మచ్చలు, దద్దుర్లు

"రాష్ ఉంది" అని రాస్తే తర్వాతి షిఫ్ట్‌కు ఏమీ అర్థం కాదు. చదునుగా ఉండి 1 సెం.మీ. లోపు ఉంటే మాక్యూల్, ఉబ్బితే పాప్యూల్, అందులో నీరుంటే వెసికిల్, 1 సెం.మీ. దాటిన నీటి బుడగ అయితే బుల్లా, చీముంటే పస్ట్యూల్. అంచు స్పష్టంగా ఉందా, పొలుసు రాలుతోందా, ఒక్కచోటా, రెండు వైపులా ఒకేలా ఉందా అన్నది రాయండి.

దురద రాత్రి ఎక్కువై, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ, తొడల మధ్య ఉంటే, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటే గజ్జి అనుకోండి. ఒక్కరికి మందు రాస్తే తగ్గదు, ఇంటిల్లిపాదికీ ఒకేసారి రాయాలని డాక్టర్ చెప్పే మాటను మీరూ మళ్లీ చెప్పండి.

మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, ముఖమల్‌లా ఉంటే అది మురికి కాదు. తోమినా పోదు. షుగర్ రాబోతోందనడానికి అది గుర్తు కావచ్చు. పిల్లలనైతే స్నానం సరిగ్గా చేయడం లేదని ఇంట్లో తిడుతుంటారు, షుగర్ పరీక్ష చేయించమని తల్లిదండ్రులకు చెప్పండి. నుదుటి మీద స్టిక్కర్ బొట్టు పెట్టే చోటే తెల్లటి మచ్చ ఉంటే ఆ జిగురు పడలేదేమో చూడాలి, జిగురులోని ఒక రసాయనానికి చర్మపు రంగును చంపేసే గుణం ఉంది.

కొంచెం పాలిపోయినట్టున్న మచ్చ, దురద లేకుండా, వెంట్రుకలు పలచబడి, పొడిగా, చెమట పట్టకుండా ఉంటే స్పర్శ పరీక్ష చేసి తీరాలి. 2005 డిసెంబర్ నాటికి కుష్ఠు ప్రజారోగ్య సమస్య కాని స్థాయికి తగ్గిందని మన దేశం ప్రకటించింది. వ్యాధి మాత్రం ఇంకా ఉంది. దూదిని సన్నగా మెలితిప్పి, ముందు రోగి కళ్లు తెరిచి ఉండగానే మామూలు చర్మం మీద తాకించి చూపండి. తర్వాత కళ్లు మూసుకోమని, తాకిన ప్రతిసారీ ఎక్కడ తగిలిందో వేలితో చూపమనండి. దూదిని రాయకూడదు, తాకించి తీసేయాలి. మచ్చ మీద తాకినప్పుడు చూపలేకపోతే డాక్టర్‌కు చెప్పండి. మోచేతి వెనక నరం లావుగా, తాడులా తగులుతోందా, కనుబొమల వెంట్రుకలు రాలాయా అన్నదీ చూడండి. బొల్లి మచ్చ పాలలా తెల్లగా ఉంటుంది, స్పర్శ మామూలుగానే ఉంటుంది. ఈ పరీక్ష నలుగురిలో చేయవద్దు, వ్యాధి పేరు వార్డులో గట్టిగా అనవద్దు. మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, మొదట్లోనే పట్టుకుంటే వేళ్లు వంకర పోకుండా కాపాడవచ్చు.

ఇక జ్వరంతో వచ్చినవాళ్లు. రోజుల తరబడి జ్వరం, తలనొప్పి, డెంగీ కాదు, మలేరియా కాదు, టైఫాయిడ్ మందుకు తగ్గలేదు. ఇలాంటి రోగి ఒంటి మీద ఒకటే మచ్చ కోసం వెతకండి: మధ్యలో నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు, సిగరెట్‌తో కాల్చినట్టు ఉంటుంది. స్క్రబ్ టైఫస్ తెచ్చే సన్నటి పురుగు కుట్టిన చోటు అది. నొప్పి ఉండదు, దురద ఉండదు కాబట్టి రోగికే తెలియదు, అడిగితే ఏమీ లేదంటాడు. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, మొలతాడు కట్టే చోట, పిరుదుల మధ్య, మోకాలి వెనక, చెవి వెనక, జుట్టు లోపల చూడాలి. మొలతాడును పైకి జరిపి చూడండి. చెమట పట్టే చోట్ల పెచ్చు నల్లగా కాకుండా తడిగా, చిన్న పుండులా ఉండొచ్చు. మచ్చ దొరకనంత మాత్రాన ఆ జబ్బు లేదని కాదు. దొరికితే మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. డాక్సీసైక్లిన్ లాంటి అగ్గువ మందుతో నయమయ్యే ఈ జబ్బు, ఆలస్యమైతే ఊపిరితిత్తుల్నీ కిడ్నీల్నీ దెబ్బతీస్తుంది. రక్త పరీక్షల రిపోర్టు వచ్చేలోపే, ఓపికగా ఒళ్లంతా చూసిన నర్సు ఆ రోగిని కాపాడగలదు.

డెంగీ అనుమానం ఉంటే చర్మం కింది రక్తపు చుక్కల కోసం ముంజేతులు, కాళ్లు, అంగిలి చూడండి. నల్లటి చర్మం మీద చుక్కలు కనబడకపోతే అంగిలి, కనురెప్ప లోపలి వైపే ఆధారం. బీపీ పట్టీని పై, కింది అంకెల మధ్యకు బిగించి 5 నిమిషాలు ఉంచి తీశాక, చదరపు అంగుళంలో 10 లేదా అంతకంటే ఎక్కువ చుక్కలు వస్తే పరీక్ష పాజిటివ్.

కొత్త మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల నుంచి వారాల్లో దద్దుర్లు వచ్చి, వాటితో పాటు నోట్లో పుళ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం మండటం, తాకితే పొరలా ఊడటం ఉంటే తర్వాతి డోసు ఇవ్వకండి. డాక్టర్‌ను అప్పుడే పిలవండి. ఫిట్స్ మందులు, సల్ఫా మందులు, యూరిక్ యాసిడ్‌కు వాడే అలోప్యూరినాల్ ఎక్కువగా చేసే పని ఇది.

పుట్టుమచ్చల్లో రెండు సగాలూ ఒకేలా లేనిది, అంచు చెదిరినది, రెండు మూడు రంగులున్నది, 6 మి.మీ. దాటినది, ఈమధ్య మారుతున్నది అనుమానించాలి. మన వాళ్లలో ప్రమాదకరమైన మచ్చ ఎక్కువగా అరికాలిలో, అరచేతిలో, గోరు కింద వస్తుంది. చెప్పులు విప్పించి అరికాలు చూడకుండా ఈ పరీక్ష పూర్తయినట్టు కాదు. షుగర్ ఉన్నవాళ్లకైతే వేళ్ల సందులు, మడమ పగుళ్లు కూడా చూడాలి.

తల, జుట్టు

నూనె రాసి, జడ వేసి ఉంటే తల పైనుంచి ఏమీ తెలియదు. జడ విప్పడానికి అనుమతి అడిగి, పాపిట పాపిటగా విడదీసి మాడు చూడండి. పేలగుడ్లు చెవుల వెనక, మెడ పైన వెంట్రుక మొదట్లో అతుక్కుని ఉంటాయి, గోటితో లాగినా జారవు. చుండ్రు ఊదితే రాలిపోతుంది. పిల్లల తలలో గుండ్రంగా జుట్టు విరిగి, నల్ల చుక్కల్లా కనిపిస్తూ పొలుసు ఉంటే ఫంగస్.

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. విషజ్వరం, కాన్పు, పెద్ద ఆపరేషన్ జరిగిన రెండు మూడు నెలలకు కుచ్చులు కుచ్చులుగా రాలితే రోగి భయపడిపోతారు. వేళ్ల మధ్య 50 వెంట్రుకలదాకా పట్టుకుని మెల్లగా లాగండి, ఆరుకు మించి చేతికి వస్తే రాలడం ఎక్కువగా ఉన్నట్టు. చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి వస్తుందని ధైర్యం చెప్పండి, రక్తహీనత, థైరాయిడ్ ఉన్నాయేమో డాక్టర్‌ను అడగండి. తల మీద జుట్టే లేకపోతే తిరుమలలోనో వేరే క్షేత్రంలోనో మొక్కు తీర్చుకుని వచ్చారేమో ముందు అడగండి.

జుట్టుకు రంగు వేసిన రెండు రోజుల్లో నుదుటి అంచు, చెవులు, కనురెప్పలు వాచి దురద పెడితే ఆ రంగు ఒంటికి పడలేదన్నమాట. తలకంటే రెప్పలే ఎక్కువ వాస్తాయి. కాబట్టి కంటి జబ్బు అనుకుని వస్తారు.

గోళ్లు

గోరు నెమ్మదిగా, ఒక లెక్క ప్రకారం పెరుగుతుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మి.మీ. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న చేతిని చూడండి. అరచేతి ఎరుపు రెండు వారాల్లో పోతుంది, గోటి మీది ఎరుపు మాత్రం గోరు పెరిగి కత్తిరించేదాకా ఉంటుంది. గోరు మొదట్లో ఎరుపు లేని తెల్లటి నెలవంక ఎంత పెరిగిందో చూసి ఎన్నాళ్లయిందో చెప్పొచ్చు. ఇదే లెక్క జబ్బులకూ వర్తిస్తుంది. చేతి గోళ్లన్నిటి మీదా ఒకే దూరంలో అడ్డంగా గాడి ఉంటే, ఆ మనిషి ఒకప్పుడు తీవ్రంగా జబ్బు పడి గోరు పెరగడం కొన్నాళ్లు ఆగిందని అర్థం. గాడి గోరు మొదటి నుంచి 6 మి.మీ. దూరంలో ఉంటే దాదాపు రెండు నెలల కిందటి మాట. "అమ్మా, రెండు నెలల కింద పెద్ద జ్వరం ఏమైనా వచ్చిందా?" అని అడిగితే, మర్చిపోయిన సంగతి బయటికొస్తుంది.

గోరింటాకు ఉన్న గోళ్లలో పాలిపోవడం, నీలబడటం తెలియవు. చార్టులో "గోరింటాకు ఉంది" అని రాసి, కనురెప్ప, నాలుక చూసి ఆ సంగతి రాయండి.

వేలి కొన ఉబ్బి గోరు గుండ్రంగా వంగిందా అన్నది చూడటానికి రెండు చేతుల చూపుడు వేళ్ల గోళ్లను వెనక వైపు ఎదురెదురుగా ఆనించమనండి. మధ్యలో చిన్న వజ్రంలాంటి ఖాళీ కనిపించాలి. అది మూసుకుపోతే క్లబ్బింగ్. దక్షిణాఫ్రికా హృద్రోగ వైద్యుడు లియో ష్యామ్‌రాత్ తనకు గుండె ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు తన వేళ్లలోనే ఈ మార్పును గమనించి 1976లో ప్రచురించాడు. దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు, పుట్టుకతో గుండె జబ్బు, కొన్ని కాలేయ జబ్బుల్లో ఇది కనిపిస్తుంది.

గోరు మధ్యలో గుంట పడి, మీద నీటి చుక్క వేస్తే జారకుండా నిలబడితే ఐరన్ లోపం. చిన్న చిన్న గుంటలు చాలా ఉంటే సోరియాసిస్. అంట్లు తోమేవాళ్లలో, బట్టలుతికేవాళ్లలో గోరు చుట్టూ చర్మం వాచి నొప్పిగా ఉంటుంది. గోళ్ల మీద నిలువుగా గోధుమ రంగు గీతలు చాలా వేళ్లకు ఉంటే మనలో అది మామూలే. ఒక్క వేలికే ఉండి, వెడల్పవుతూ, గోరు పక్క చర్మం మీదికి కూడా నలుపు పాకితే క్యాన్సర్ అనుమానంతో వెంటనే చూపించాలి.

పసిపిల్లల్లో

మన బిడ్డల నడుము మీద, పిరుదుల మీద నీలి మచ్చలు పుట్టుకతోనే ఉంటాయి, ఎక్కువమందికి పెరిగేకొద్దీ పోతాయి. పుట్టినరోజే రాసి పెట్టండి, తర్వాత ఎవరూ దెబ్బలనుకోకుండా. పుట్టు కామెర్లకు నుదురు, ఛాతీ, పొట్ట, కాళ్లు వరుసగా వేలితో నొక్కి వదిలి చూడండి. పసుపు అరచేతులకు, అరికాళ్లకు దిగితే అత్యవసరం. నల్లటి బిడ్డల్లో కంటి చూపు మోసం చేస్తుంది కాబట్టి రక్త పరీక్ష కోసం వెనకాడొద్దు. పసిబిడ్డకు గోరింటాకు పెట్టారేమో అడగండి. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉంటే గోరింటాకు రక్తకణాలను పగలగొట్టి కామెర్లు తెస్తుంది. ఒంటి మీద వాతలు కనిపిస్తే తల్లిని కసరకండి. ఎప్పుడు, ఎందుకు పెట్టించారో అడిగి రాయండి. ఆ జబ్బేమిటో అక్కడే తెలుస్తుంది.

రాయడం, చెప్పడం

రికార్డు ఇంగ్లీషులో రాసినా ఉండాల్సిన విషయం ఇదీ: చోటు, సైజు, రంగు, అంచు, తాకితే ఎలా ఉంది, కారుతున్నదేమిటి, వాసన, నొప్పి, ఎవరికి ఎప్పుడు చెప్పారు, ఏం చేశారు. ఉదాహరణకు: "కుడి మడమ వెనక 3 × 2 సెం.మీ. చోటు. చర్మం చిట్లలేదు. పక్క చర్మం కంటే ముదురు ఊదా రంగు. వేడిగా, గట్టిగా ఉంది, ముట్టుకుంటే నొప్పి. ఎడమ మడమ మామూలు. పిక్కల కింద దిండు పెట్టి మడమ మంచానికి తగలకుండా ఉంచాం. ఉదయం 6.40కి డ్యూటీ డాక్టర్‌కు చెప్పాం. 7.10కి మళ్లీ చూశాం, రంగు మారలేదు." పుండైతే రోగి తల వైపును గడియారంలో 12గా లెక్కపెట్టి, లోపలికి ఎటు పాకిందో గంటల్లో రాయండి. అనుమతి తీసుకున్నాకే ఫొటో, అది కూడా ఆసుపత్రి రికార్డు కోసమే. మీ ఫోన్‌లో వద్దు.

అడ్మిషన్ రోజున మొత్తం ఒళ్లు చూసి, ఇంటి నుంచి తెచ్చుకున్న పుండు ఏదైనా ఉంటే అప్పుడే రాయండి, తర్వాత అది వార్డులో వచ్చిందా ముందే ఉందా అన్న గొడవ రాదు. షిఫ్ట్ మారేటప్పుడు నోటి మాటతో సరిపెట్టకుండా, వచ్చిన సిస్టర్‌ను మంచం దగ్గరికి తీసుకెళ్లి ఆ మడమ చూపించి, ఆమె చేత కూడా తాకించండి.